ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను ఆపే మందు క్రీ ఎంజైమ్‌ను ఎలా ఆన్ చేస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: క్రీఈఆర్‌టీ2 (డీఎన్‌ఏను కత్తిరించే క్రీ ఎంజైమ్‌కు, ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ ముక్కను అతికించిన ప్రొటీన్) ఉన్న కణాలతో ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. టామాక్సిఫెన్ వేస్తే క్రీ పనిచేసి, లాక్స్‌పీ గుర్తుల (క్రీ గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ వరుసలు) మధ్య ఉన్న జన్యువును కత్తిరిస్తుందని చెప్పారు. టామాక్సిఫెన్ ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ను ఆపే మందు కదా, అదే రిసెప్టర్ ముక్కను అతికించిన ఎంజైమ్‌ను అది ఎలా ఆన్ చేస్తుందన్నది మీ మొదటి సందేహం. మందు వేయని ప్లేట్‌లో కూడా కొన్ని కణాలు ఎర్రగా వెలుగుతున్నాయి (క్రీ కోస్తే ఎర్రబడే రిపోర్టర్ జన్యువు వాటిలో ఉంది), సిస్టమ్ పాడైందా అన్నది రెండోది. దీని బదులు వేరే రిసెప్టర్‌కు మారాలా అని చివర్లో అడిగారు.

కణాల కల్చర్‌లోనూ ఎలుకల్లోనూ కొన్నేళ్లుగా ఇలాంటి ఫ్యూజన్ (రెండు ప్రొటీన్ల ముక్కలు అతికించిన) ప్రొటీన్లతోనే పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. టెన్షన్ పడకండి, మీ సిస్టమ్ పాడవలేదు.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. మందు వేయకముందే మీ కణాల్లో క్రీఈఆర్‌టీ2 ప్రొటీన్ తయారై ఉంది. మందు దాన్ని తయారు చేయించదు, దాని కట్టు విప్పుతుంది, అంతే. 1992లో గోసెన్, బుజార్డ్ తెచ్చిన టెట్ పద్ధతి ఇలా ఉండదు. అక్కడ మందు ప్రభావం జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారయ్యే దశలోనే పడుతుంది. ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రొటీన్ తయారై, కావలసినంత పోగయ్యేసరికి గంటలు గడుస్తాయి. ఇక్కడ ప్రొటీన్ ఎప్పుడో సిద్ధంగా ఉంది కాబట్టి నిమిషాల్లో కదలిక మొదలవుతుంది. ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో, మీరు చూస్తున్న లీక్ (మందు లేకుండానే క్రీ కొద్దిగా పనిచేయడం) కూడా అక్కడి నుంచే వచ్చింది.

ఇక కట్టు సంగతి. మనిషి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఆల్ఫాలో 595 అమైనో ఆమ్లాలుంటాయి. మధ్యలో డీఎన్‌ఏను పట్టుకునే భాగం, చివరివైపు సుమారు 300 అమైనో ఆమ్లాల మేర హార్మోన్‌ను పట్టుకునే భాగం. ఫ్యూజన్లలో వాడేది ఈ చివరి భాగాన్నే. హార్మోన్ లేనప్పుడు ఆ భాగం మడత పూర్తిగా కుదురుకోదు. అలాంటి ప్రొటీన్‌ను హెచ్‌ఎస్‌పీ90 అనే షాపరోన్ (ఇతర ప్రొటీన్ల మడతకు సాయపడే ప్రొటీన్) తన తోటి ప్రొటీన్లతో కలిసి, ఇంకా నడక రాని పసిబిడ్డను చంకనెత్తుకున్నట్టు పట్టుకుని ఉంటుంది. హార్మోన్ వచ్చి తన గుంటలో కూర్చోగానే మడత బిగుస్తుంది, షాపరోన్ వదిలేస్తుంది.

ఈ షాపరోన్ గుంపు బాగా పెద్దది. రిసెప్టర్ ముక్కను అది పట్టుకుని ఉన్నంతసేపూ, ఆ ముక్కకు అతికించిన ప్రొటీన్‌కు కూడా పనిచేసే చోటు దొరకదు. క్రీ విషయంలో ఇది మరీ గట్టిగా పనిచేస్తుంది. డీఎన్‌ఏను కత్తిరించి అతికించాలంటే నాలుగు క్రీ అణువులు ఒకచోట చేరాలి, పైగా అవన్నీ కేంద్రకంలో ఉండాలి. షాపరోన్ చేతిలో ఉన్న క్రీకి ఈ రెండూ కుదరవు. చాలామంది ఈ స్విచ్‌ను "కేంద్రకం బయట ఆపి ఉంచడం" అని మాత్రమే చెప్పి వదిలేస్తారు. అది సగం నిజమే. అసలు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పూర్తి రూపంలో హార్మోన్ లేకపోయినా ఎక్కువగా కేంద్రకంలోనే ఉంటుంది, అయినా ఊరికే ఉంటుంది. ఎక్కడ ఉందన్న దానికంటే ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం. రాఫ్ లాంటి కైనేజ్ ఎంజైమ్‌లు కేంద్రకంలోకి వెళ్లే పనే లేదు. వాటికి ఇదే ముక్కను తగిలించినా హార్మోన్ మాట వింటున్నాయంటే కారణం ఇదే.

ఈ ఆలోచనకు పునాది 1988లో పడింది. డిడియే పికార్డ్, కీత్ యమమోటో, వాళ్ల సహచరులు గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌లోని హార్మోన్ భాగాన్ని విడదీసి, దానితో ఏ చుట్టరికమూ లేని ఈ1ఏ అనే అడినోవైరస్ ప్రొటీన్‌కు అతికించారు. ఈ1ఏ హార్మోన్ ఉంటేనే పనిచేయడం మొదలుపెట్టింది. ఆ ముక్క తన ఇల్లు వదిలి ఎక్కడికి వెళ్లినా తన గుణం వెంట తీసుకెళ్తుందని అప్పుడు తేలింది. మరుసటి ఏడాది ఐలర్స్, పికార్డ్, యమమోటో, బిషప్ కలిసి మిక్ అనే క్యాన్సర్ ప్రొటీన్‌కు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ముక్కను తగిలించారు. హార్మోన్ వేస్తే కణాలు క్యాన్సర్ లక్షణాల్లోకి మారేవి, తీసేస్తే ఆగేవి. 1990లో పికార్డ్ బృందమే ఈస్ట్‌లో హెచ్‌ఎస్‌పీ90ని బాగా తగ్గించి చూసింది. షాపరోన్ తగ్గితే రిసెప్టర్ ఇంకా చురుగ్గా ఉంటుందని మనం అనుకుంటాం. కానీ హార్మోన్ వేసినా సరిగ్గా స్పందించలేదు. అంటే ఈ షాపరోన్ రిసెప్టర్‌ను కట్టడి చేయడంతో పాటు, హార్మోన్‌ను అందుకునేలా దాన్ని సిద్ధంగా కూడా ఉంచుతోంది. జెల్డానామైసిన్ లాంటి హెచ్‌ఎస్‌పీ90 నిరోధకాలు మీ ప్రయోగంలో ఎక్కడైనా ఉంటే ఈ స్విచ్‌ను నమ్మకండి.

ఇది కళ్లారా చూడాలనుంటే ఫ్యూజన్‌కు పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ అనే ప్రొటీన్ కూడా తగిలించి లైవ్ ఇమేజింగ్ చేయండి. మా దగ్గర కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ నేను ముందు ఇదే చూపిస్తాను. మందు వేయకముందు కణమంతా పచ్చగా ఉండి, మధ్యలో కేంద్రకం ఉన్న చోట నల్లటి గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. మైక్రోస్కోప్ మీద నుంచి ప్లేట్ తీయకుండానే పిపెట్‌తో మందు కలుపుతాం. కాసేపటికి ఆ ఖాళీ అంచు మసకబారుతుంది, తర్వాత లోపల బయటా ఒకే రంగుకు వస్తుంది. గంట లోపే కేంద్రకం చుట్టుపక్కలకంటే మెరుస్తుంటుంది. అన్ని కణాలూ ఒకేసారి మారవు. పక్కపక్కనే ఉన్న రెండు కణాల్లో ఒకటి పూర్తిగా మారిపోయినా, రెండోది ఇంకా మొదలు కూడా పెట్టకపోవచ్చు. ప్రొటీన్ మరీ ఎక్కువ తయారైన కణాల్లో మందు లేకుండానే కేంద్రకం కాస్త పచ్చగా కనిపిస్తుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మీ ఎర్ర కణాల దగ్గర పనికొస్తుంది.

ఇప్పుడు టామాక్సిఫెన్ చిక్కుముడి. హార్మోన్ భాగానికి రెండు వేర్వేరు పనులున్నాయి. షాపరోన్ నుంచి విడిపడటం ఒకటి. జన్యువును చదివించే సహాయక ప్రొటీన్లను పిలుచుకోవడం రెండోది. ఒంట్లో సహజంగా ఉండే ఈస్ట్రోజెన్ అయిన ఈస్ట్రాడయోల్ ఈ రెండూ చేయిస్తుంది. టామాక్సిఫెన్ నుంచి తయారయ్యే 4-హైడ్రాక్సీ టామాక్సిఫెన్ మొదటిది చేయించి, రెండోదాన్ని అడ్డుకుంటుంది. 1998లో వచ్చిన క్రిస్టల్ నిర్మాణంలో ఇది స్పష్టంగా కనిపించింది. ఆ మందు గుంటలో కూర్చున్నప్పుడు దాని పొడవాటి కొస బయటికి పొడుచుకొస్తుంది. దాంతో రిసెప్టర్‌లోని పన్నెండో హెలిక్స్ (మెలితిరిగిన ముక్క) తన మామూలు చోట కుదురుకోలేక పక్కకు జరిగి, సరిగ్గా సహాయక ప్రొటీన్లు వచ్చి చేరాల్సిన గాడిలోనే పడుకుంటుంది. రొమ్ము క్యాన్సర్ కణానికి రెండో పని కావాలి కాబట్టి అక్కడ ఈ మందు బ్రేక్. క్రీకి రెండో పనితో సంబంధమే లేదు, కట్టు విప్పితే చాలు. అందుకే ఇక్కడ అదే మందు స్విచ్.

ఈ తేడా తెలిస్తే ఏ ఫ్యూజన్‌కు ఏ మందు వాడాలో మీరే తేల్చుకోగలరు. డీఎన్‌ఏను పట్టుకునే గాల్4, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ముక్క, జన్యువును చదివించే వీపీ16 మూడూ కలిపిన జీఈవీ అనే ప్రొటీన్‌లో జన్యువును చదివించే పని వీపీ16 సొంతంగా చేస్తుంది. రిసెప్టర్ ముక్క అక్కడ తాళం మాత్రమే. ఈస్ట్‌కు సొంతంగా ఈస్ట్రోజెన్ రిసెప్టర్ లేదు కాబట్టి, ఈస్ట్రాడయోల్ వేసినా జీఈవీ తప్ప పట్టించుకునేవాళ్లు పెద్దగా ఉండరు. ఈస్ట్‌లో పనిచేసేవాళ్లు దీన్ని అంత ఇష్టంగా వాడేది అందుకే.

క్షీరదాల కణాల్లో పరిస్థితి వేరు. జంతువు ఒంట్లో ఈస్ట్రాడయోల్ తిరుగుతూనే ఉంటుంది. మొదట్లో వాడిన మామూలు రిసెప్టర్ ముక్కకు దాన్ని మీరు వేసే మందును వేరుగా గుర్తించే శక్తి లేదు. 1993లో డానియెలియన్, పార్కర్ బృందం ఎలుక రిసెప్టర్‌లో 525వ స్థానంలోని గ్లైసీన్‌ను ఆర్జినీన్‌గా మార్చింది. మారిన రిసెప్టర్ ఈస్ట్రాడయోల్‌ను దాదాపు పట్టించుకోలేదు, 4-హైడ్రాక్సీ టామాక్సిఫెన్‌కు మాత్రం స్పందించింది. మనిషి రిసెప్టర్‌లో అదే స్థానం 521. స్ట్రాస్‌బర్గ్‌లో షాంబాన్ ల్యాబ్ 1995లో క్రీకి రిసెప్టర్ ముక్కను అతికించింది, మరుసటి ఏడాది ఈ 521 మార్పుతో ఈఆర్‌టీ రూపాన్ని ఎలుకల్లో చూపించింది. 1997లో ఫీల్, అతని సహచరులు 400, 543, 544 స్థానాల్లో మూడు మార్పులున్న రూపాన్ని తెచ్చారు. మీరు వాడుతున్న ఈఆర్‌టీ2 అదే. పాతదానికంటే సుమారు పది రెట్లు తక్కువ మందుకే స్పందిస్తుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక్క మాట. మీరు ప్లేట్‌లో టామాక్సిఫెన్ వేస్తున్నానని రాశారు. ఎలుకలకైతే టామాక్సిఫెన్ ఇవ్వవచ్చు, కాలేయం దాన్ని 4-హైడ్రాక్సీ రూపంలోకి మారుస్తుంది. కల్చర్‌లో పెంచే చాలా కణాలకు ఆ పని అంతగా చేతకాదు. ప్లేట్‌లో నేరుగా 4-హైడ్రాక్సీ టామాక్సిఫెన్ వేయండి, 100 నానోమోలార్ నుంచి 1 మైక్రోమోలార్ మధ్య చూడండి. దానిలో జెడ్, ఈ అని రెండు రూపాలుంటాయి. రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకునేది జెడ్ రూపమే. వెలుతురు పడితే అది రెండో రూపంలోకి మారుతుంది కాబట్టి ఇథనాల్‌లో కలిపి, చిన్న ట్యూబుల్లో పంచి, రేకు చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. గర్భిణులు ఎవరైనా ల్యాబ్‌లో ఉంటే ఈ పని వాళ్లకు అప్పగించకండి.

ఇక ఎర్ర కణాలు. పాత, మార్పులు లేని ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ముక్క అయితే నా మొదటి అనుమానం మీడియం మీదకే వెళ్లేది. మీడియానికి గులాబీ రంగునిచ్చే ఫినాల్ రెడ్ బలహీనమైన ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1986లోనే బయటపడింది. సీరంలో స్టెరాయిడ్లు ఎలాగూ ఉంటాయి. ఆ రకం ఫ్యూజన్లకు ఫినాల్ రెడ్ లేని మీడియం, చార్‌కోల్‌తో శుభ్రం చేసిన సీరం తప్పనిసరి. మీది ఈఆర్‌టీ2 కాబట్టి ఈ రెండింటి పాత్ర తక్కువే.

మీ విషయంలో నా అనుమానమంతా ప్రొటీన్ మోతాదు మీద. క్రీఈఆర్‌టీ2 బలమైన ప్రమోటర్ (జన్యువు ఎంత చదవబడాలో నిర్ణయించే డీఎన్‌ఏ భాగం) కింద ఉంటే కణం నిండా ప్రొటీన్ ఉంటుంది, అందులో ఏ కాస్త కట్టు తప్పినా చాలు. ఎందుకంటే క్రీ చేసే పని వెనక్కి రాదు. ఒక్కసారి డీఎన్‌ఏ తెగితే ఆ కణమూ దాని సంతానమూ ఎప్పటికీ ఎరుపే. నేను పెంచిన ఒక లైన్‌లో ఇది పాఠంలా కనిపించింది. ఫ్రీజర్ నుంచి తీసిన కొత్తలో ఎర్ర కణం వెతుక్కోవలసి వచ్చేది. అదే లైన్‌ను పాసేజ్ చేస్తూ (కొత్త ప్లేట్లలోకి మారుస్తూ) పోయేకొద్దీ, ఎవరూ మందు వేయకపోయినా, ఎర్రటి గుంపులు ప్లేట్‌లో అక్కడక్కడా ద్వీపాల్లా కనిపించసాగాయి. విడివిడిగా చెదిరి కాకుండా గుంపులుగా ఉన్నాయంటే, ఎప్పుడో ఒక కణంలో జరిగిన కోత దాని పిల్లలన్నిటికీ వచ్చిందని అర్థం. మీ ప్లేట్‌లో కూడా గుంపులుగా ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా చూడండి. గుంపులైతే ఇది పాత లీక్ పోగుపడటమే. తొలి పాసేజ్‌లోని కణాలను ఎక్కువ వయల్స్‌లో దాచుకోండి. ప్రయోగానికి ముందు కణాలను రంగును బట్టి వేరుచేసే సార్టర్‌లో ఎర్రవాటిని తీసేయండి. అయినా తగ్గకపోతే ప్రమోటర్‌ను బలహీనమైనదానికి మార్చండి, లేదా క్రీకి రెండు చివరలా రిసెప్టర్ ముక్క ఉన్న మెర్‌క్రీమెర్ రూపం వాడండి. రెండు వైపులా కట్టేస్తే లీక్ బాగా తగ్గుతుంది.

ఇంకో సంగతి. రిపోర్టర్ ఎర్రబడిందంటే మీ అసలు జన్యువు కూడా తెగిందని అర్థం కాదు, ఎర్రబడలేదంటే తెగలేదనీ కాదు. లాక్స్‌పీ గుర్తుల మధ్య దూరం, ఆ చోట క్రోమాటిన్ (ప్రొటీన్లతో చుట్టిన డీఎన్‌ఏ) ఎంత తెరుచుకుని ఉంది అనేదాన్ని బట్టి కొన్ని తేలిగ్గా తెగుతాయి, కొన్ని మొండికేస్తాయి. చాలా రిపోర్టర్లను తేలిగ్గా తెగేలాగే కట్టారు. మీ జన్యువుకు పీసీఆర్ వేరుగా చేయాల్సిందే. ప్రొటీన్ కూడా పోయిందో లేదో వెస్టర్న్ బ్లాట్‌లో చూడండి, డీఎన్‌ఏ తెగినా పాత ప్రొటీన్ కొన్నాళ్లు మిగిలి ఉంటుంది.

వేరే రిసెప్టర్‌కు మారాలా అన్నారు. దానికి జవాబు మీరు పనిచేసే జీవిని బట్టి ఉంటుంది. మొక్కల్లో అయితే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ ముక్కనే ఎంచుకోమంటాను. మొక్కలకు ఆ రిసెప్టర్ లేదు, దాన్ని ఆన్ చేసే డెక్సామెథాసోన్ అనే మందు వాటికి పెద్దగా ఏమీ చేయదు, హెచ్‌ఎస్‌పీ90 మాత్రం ఉంది. నామ్-హై చువా ల్యాబ్ 1997లో తెచ్చిన జీవీజీ ఈ పద్ధతే. 2000లో అదే ల్యాబ్ నుంచి ఈస్ట్రాడయోల్‌తో నడిచే ఎక్స్‌వీఈ వచ్చింది.

ఈ ఫ్యూజన్లతో చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది మొక్కల పరిశోధకుల ఉపాయం. ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ను (ఇతర జన్యువులను నడిపే ప్రొటీన్‌ను) ఆన్ చేస్తే వందల జన్యువులు మారతాయి. వాటిలో అది నేరుగా ముట్టుకున్నవి ఏవి, వాటి ద్వారా తర్వాత మారినవి ఏవి? సైక్లోహెక్సిమైడ్ వేసి కణంలో కొత్త ప్రొటీన్ తయారీని పూర్తిగా ఆపేసి, ఆపైన డెక్సామెథాసోన్ వేస్తారు. ఫ్యూజన్ ప్రొటీన్ ముందే తయారై ఉంది కాబట్టి దానికి అడ్డులేదు, వెళ్లి తన జన్యువుల మీద కూర్చుంటుంది. వాటి ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది కానీ దాని నుంచి ప్రొటీన్ రాదు, కథ అక్కడే ఆగుతుంది. మారిన జన్యువులన్నీ నేరుగా ముట్టుకున్నవే. 1998లో సబ్లౌస్కీ, మెయెరోవిట్జ్ ఆరాబిడాప్సిస్ పువ్వుల్లో ఏపీ3 ప్రొటీన్‌తో ఇలాగే ఒక జన్యువును పట్టుకున్నారు. టెట్ పద్ధతితో ఇది అసలు సాధ్యం కాదు, ప్రొటీన్ తయారీ ఆపేస్తే అక్కడ స్విచ్చే తయారవ్వదు.

క్షీరదాల కణాల్లో డెక్సామెథాసోన్ జోలికి వెళ్లకండి. దాదాపు ప్రతి కణంలోనూ సొంత గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ ఉంది, మీ ఫ్యూజన్‌తో పాటు అదీ లేస్తుంది. ఈగల్లో అయితే ప్రొజెస్టెరాన్ రిసెప్టర్‌తో చేసిన జీన్‌స్విచ్ ఉంది. ఆ రిసెప్టర్ చివర 42 అమైనో ఆమ్లాలు తీసేస్తే ప్రొజెస్టెరాన్‌ను వదిలేసి మిఫెప్రిస్టోన్‌కు స్పందిస్తుందని ఓమాలీ బృందం 1992లో చూపింది, 2001లో అది ఈగల్లోకి వచ్చింది. కీటకాల ఎక్డైసోన్ రిసెప్టర్‌ను రోనాల్డ్ ఎవాన్స్ ల్యాబ్ 1996లో క్షీరదాలకు తెచ్చింది. క్షీరదాలకు ఆ హార్మోన్ లేకపోవడం మంచి సౌకర్యమే, కానీ మీ అవసరానికి అంత దూరం వెళ్లనక్కరలేదు.

మీకు కావలసింది జన్యువును శాశ్వతంగా తీసేయడమైతే క్రీఈఆర్‌టీ2తోనే ఉండండి. ఆన్ చేసి మళ్లీ ఆఫ్ చేయాలనుకుంటే క్రీ పనికిరాదు, మీ ప్రొటీన్‌కే రిసెప్టర్ ముక్కను అతికించాలి. అలా చేస్తే ఎంత సూక్ష్మమైన ప్రశ్నలు అడగవచ్చో జెరార్డ్ ఇవాన్ బృందం 2006లో చూపింది. మందు ఉన్నంతసేపే పనిచేసే పీ53 (క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రొటీన్) ఉన్న ఎలుకలకు రేడియేషన్ ఇచ్చారు. రేడియేషన్ సమయంలోనే పీ53ని ఆన్ చేస్తే కణాలు పెద్ద ఎత్తున చనిపోయాయి కానీ లింఫోమా నుంచి రక్షణ దొరకలేదు. ఆ గొడవంతా సద్దుమణిగాక, కొన్ని రోజుల తర్వాత ఆన్ చేస్తే రక్షణ దొరికింది. అయితే ఆఫ్ చేయడం ఆన్ చేసినంత తేలిక కాదని ముందే తెలుసుకోండి. ఈ మందులు కొవ్వులో కరిగే రకం, కణాల్లోనూ ప్లాస్టిక్‌కూ పట్టుకుని ఉంటాయి. మీడియం ఒకసారి మార్చితే సరిపోదు. కణాలను లేపి, కడిగి, కొత్త ప్లేట్‌లోకి మార్చి, మర్నాడు మళ్లీ మీడియం మారిస్తే గానీ నాకు నమ్మకం కుదరదు. పొరల్లో ఉండే ప్రొటీన్లకు, కణం బయటికి విడుదలయ్యే వాటికి ఈ ముక్క అతికించి ప్రయోజనం ఆశించకండి, షాపరోన్ వాటిని పట్టుకునే చోట అవి ఉండవు.

వచ్చే వారం ప్లేట్లు పెట్టేటప్పుడు ఈ కంట్రోల్స్ పక్కపక్కనే ఉంచండి: క్రీ ఉండి మందు బదులు ఇథనాల్ మాత్రమే వేసినది, క్రీ లేకుండా మందు వేసినది, క్రీ ఉండి మందు కూడా వేసి లాక్స్‌పీ గుర్తులు మాత్రం లేనిది. మొదటిది లీక్ ఎంతో చెబుతుంది. రెండోది మందు సొంతంగా ఏం చేస్తోందో చెబుతుంది. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యం. క్రీ కేంద్రకంలో మరీ ఎక్కువైతే లాక్స్‌పీని పోలిన ఇతర చోట్ల కూడా డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది, కణాల పెరుగుదల మందగిస్తుంది. మీ జన్యువు పోయినందువల్ల పెరుగుదల తగ్గిందని రాసేముందు ఆ మూడో ప్లేట్‌లో కణాలు మామూలుగానే పెరిగాయని చూపించగలగాలి. ఎర్ర కణాలు గుంపులుగా ఉన్నాయో విడివిడిగా ఉన్నాయో, మీ ప్రమోటర్ ఏమిటో రాస్తే ఏ మార్పుతో మొదలుపెట్టాలో చెబుతాను.